వాన్‌దే వంకర

"మీ వాన్ వంకరగా ఉందండీ."

"నా వానా? వంకరా?"

కన్నతల్లిని ఏదో అన్నట్టు చూశాడతను. కర్టెన్లు కుట్టే అమ్మాయికి ఒక్క క్షణం పాపం అనిపించింది. కానీ వృత్తి ముందు మొహమాటం పనికిరాదు.

అతను ఊరూరా తిరిగి కళ్లు పరీక్షించి, కళ్లజోళ్లు చేసి ఇచ్చే మనిషి. పడక, పొయ్యి, అద్దాల పెట్టెలు అన్నీ ఆ పాత క్యాంపర్ వాన్‌లోనే. పగలు అదే ఆస్పత్రి, రాత్రి అదే ఇల్లు. పరీక్షకీ చీకటి కావాలి, నిద్రకీ చీకటి కావాలి. అందుకని కిటికీలకి మందపాటి కర్టెన్లు కుట్టించుకుందామని వచ్చి, గుట్ట వైపు ఎక్కే ఆ వీధిలో సరిగ్గా కొట్టు ముందు వాన్ ఆపాడు.

కొట్టు ఆమెదీ, వాళ్ల పెద్దమ్మదీ. ఊళ్లో సగం ఇళ్ల కర్టెన్లు వాళ్ల చేతి పనే. ఏ గోడకైనా రాడ్డు బిగించేముందు మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూడటం ఆమెకి అలవాటు. వాన్‌లోనూ అలాగే చేసింది.

"ఇదిగో, గాజులో బుడగ నడిమధ్యన ఉంది. అంటే రాడ్డు తిన్నగా ఉన్నట్టు. మీ కిటికీయే ఓ పక్కకి ఒరిగింది. ఎక్కడో గుద్దేసుంటారు."

"నా వాన్ ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదండీ."

"అయితే దాన్నే ఎవరో గుద్దుంటారు."

కళ్ల మీద బతికేవాడు, తన కళ్లని నమ్మాలో బుడగని నమ్మాలో తెలియక నిలబడ్డాడు. చివరికి రెండూ వదిలేసి ఆమెని చూశాడు. ఆమె గబుక్కున రసమట్టం తుడవడం మొదలుపెట్టింది.

కర్టెన్లు కుట్టి తగిలించిన మర్నాడు సాయంత్రం వాన్ మళ్లీ కొట్టు ముందుంది.

"కర్టెన్ దానంతటదే జారిపోతోందండీ! ఓ పెద్దాయన చేత చీకట్లో అక్షరాలు చదివిస్తున్నానా, తెర మెల్లగా తప్పుకుంది. ఆయన అక్షరాలు వదిలేసి ఎదురింటి బోర్డు గడగడా చదివి, 'నా చూపుకేం, భేషుగ్గా ఉంది' అని లేచి వెళ్లిపోయాడు."

ఆమెకి నవ్వొచ్చింది. లోపలికెక్కి రసమట్టం పెట్టింది. బుడగ నడిమధ్యన. కర్టెన్ పిల్లిలా కదలకుండా ఉంది.

"ఏదీ, జారమనండి."

"ఇక్కడికొస్తే బుద్ధిగా ఉంటోందండీ. నా దగ్గరే వేషాలు."

రింగులు మార్చింది. అయినా వచ్చాడు. రాడ్డు మార్చింది. అయినా వచ్చాడు. ప్రతిసారీ అదే ఫిర్యాదు, ప్రతిసారీ కొట్టు ముందు కర్టెన్ నంగనాచిలా నిలబడటం. ఆమెకి బుర్ర తిరిగిపోయింది.

"లోపం కర్టెన్‌లో లేదే పిచ్చిదానా," అంది పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆ కళ్లబ్బాయే లాగేసుకుని వస్తున్నాడు."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకో నీకు తెలీదా? నీ కళ్లు కూడా చూపించుకోవాల్సిందే అయితే."

ఆ మాట విన్నాక ఆమె అయోమయం ఇంకాస్త పెరిగింది. అంత ఇష్టమే ఉంటే నోరు విప్పి చెప్పొచ్చుగా? రింగులూ రాడ్డూ తప్ప వేరే మాటుండదు అతని నోట. పైగా, "కర్టెన్లు కుదురుకోగానే బయల్దేరాలండీ, మళ్లీ ఈ ఊరు వచ్చేది ఏడాదికే," అని అప్పుడప్పుడూ గుర్తుచేస్తాడు. ఇష్టపడ్డవాడు అలా అంటాడా? కానీ అన్నప్పుడల్లా మొహం వేలాడేస్తాడెందుకు? కర్టెన్ ఎప్పటికీ బాగుపడకపోతే బాగుండునని తను కోరుకోవడమేమిటి? ఇన్నేళ్ల పనిలో ఇలాంటి కోరిక ఎన్నడూ ఎరగదు.

ఓ మధ్యాహ్నం వాన్‌లో కూర్చుని కర్టెన్ అంచు కుడుతుండగా వాన అందుకుంది. దిగే దారి లేదు. అతను ఎదురుగా కూర్చుని, కాసేపు వాననీ కాసేపు ఆమెనీ చూసి, ఏమీ తోచక గోడకున్న అక్షరాల అట్ట చూపించాడు.

"కింది వరస చదవండి."

చదివింది.

"చూపు చాలా బాగుందండీ."

"మరి కొన్ని ఎందుకు కనపడవో?"

"ఏవి?"

"ఏవో లెండి."

ఆ కంగారులో ఒళ్లోని దారపు రీలు కిందపడి, దొర్లుకుంటూ వెనక తలుపు దాకా పోయింది. తీసుకొచ్చి నేల మధ్యలో పెట్టింది. మళ్లీ దొర్లింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అటే.

ఆమె తలుపు తీసి వీధి వైపు చూసింది. వాననీళ్లు కూడా అటే పోతున్నాయి. వంకర వాన్‌ది కాదు, వీధిది! ఇంటి గోడలు ఉన్నచోటే ఉంటాయి. బండి గోడలు ఊళ్లు తిరుగుతాయి. వాలులో తిన్నగా బిగించిన రాడ్డు, అతను వాన్ నిలుపుకునే చదును నేల మీద ఏటవాలు కాక ఏమవుతుంది?

ఆ వెంటనే ఇంకొకటి తట్టి ప్రాణం ఉసూరుమంది. అంటే, ఇతను ఇన్నాళ్లూ నిజంగా ఫిర్యాదు చెయ్యడానికే వచ్చాడు.

చెప్పకపోతే రేపు కూడా వస్తాడు. చెబితే వాన్ వెళ్లిపోతుంది. రీలు చేతిలో పట్టుకుని కాసేపు తనతో తనే పోట్లాడింది. తన చేత్తో పెట్టిన వంకరని తెలిసి తెలిసి వదిలెయ్యడం ఆమె వల్ల కాలేదు.

"తప్పు నాదేనండీ," అని జరిగిందంతా చెప్పింది.

అతను సంతోషిస్తాడనుకుంది. అతని మొహం పాలిపోయింది.

"అంటే... మీరు కావాలని వంకరగా పెట్టలేదా?"

"కావాలని నేనెందుకు పెడతాను?"

"నేను మళ్లీ రావాలని."

"మరి మీరు కావాలని లాగలేదా?"

"నేనెందుకు లాగుతాను?"

"మళ్లీ రావాలని."

ఇద్దరూ నిర్దోషులని తేలిపోయింది. అంత బాధపెట్టే తీర్పు ఇంకొకటి ఉండదు.

వాన తగ్గాక వాన్‌ని చదునుగా ఉన్న మైదానంలోకి తీసుకెళ్లారు. ఈసారి కిటికీ అంచు నుంచి కొలిచి రాడ్డు బిగించింది. కర్టెన్ కదల్లేదు.

"చాలా థాంక్సండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"జాగ్రత్తగా వెళ్లండి," అంది ఆకాశం చూస్తూ.

ఇంటికొస్తే పెద్దమ్మ అడిగింది. "ఏమైందే?"

"కర్టెన్ బాగుపడింది."

"మరి ఆ ఏడుపు మొహమేమిటి?"

"బాగుపడింది కాబట్టే పెద్దమ్మా," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే వీధిలో వాన్ చప్పుడు. ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తింది.

"మళ్లీ జారిందా?"

"లేదండీ."

"రింగులూడాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మరి ఎందుకొచ్చారు?"

"ఏ ఫిర్యాదూ లేకుండా రావాలనిపించి." అతను కిందికి దిగాడు. "నిన్న ఊరు దాటాను. కర్టెన్ అంగుళం కదల్లేదు. ఇన్నాళ్లూ జారుతుంటే రాని కోపం, జారకపోతే వచ్చిందండీ. మీరంటే నాకు ఇష్టం. మీరు ఊఁ అంటే ఏడాది తిరుగుడు మానేసి చుట్టుపక్కల ఊళ్లే చూసుకుంటాను. సాయంత్రానికల్లా ఇక్కడుంటాను."

"ఈ మాటకి ఇన్ని రింగులు మార్పించాలటయ్యా!" అని లోపల్నుంచి పెద్దమ్మ కేకేసింది.

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ ఎటు పెట్టాలో కూడా తెలియలేదు. ఇంజన్ ఇంకా గుర్రుమంటూనే ఉంది.

"ముందు అది ఆపండి," అంది.

ఆపి వచ్చాడు.

"చక్రం కింద రాయి పెట్టండి. ఇది వాలు."

అతను అటూ ఇటూ వెతికి, గుప్పెడంత రాయొకటి తెచ్చి చూపించాడు. "ఇది చాలా?"

"చాలదు," అందామె. "పెద్దది పెట్టండి."