ఎనభయ్యో నిమిషం కోడి

ఫిర్మినో శవం ఇరియెన్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీలు ఉతికే గదిలో దొరికింది. ఉదయం ఏడున్నర. వాషింగ్ మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

డాక్టర్ గుండెపోటు అని రాశాడు. చెవి వెనక సూది మొనంత ఎర్రటి చుక్కను చూసింది డోనా ఎడ్విజెస్ ఒక్కతే. చూసి ఊరుకుంది. తనకు తెలిసిపోయిందని అవతలివాళ్లకు తెలియకపోవడమే లాభం అనుకుంది.

మధ్యాహ్నానికి ఆమె లిస్బన్‌లో ఉంది. పళ్ల డాక్టర్ క్లినిక్ వెనక గదిలో ఆమె నడిపే గూఢచారి సెక్షన్ ఆఫీసు. ఎదుట గాస్పర్ టోస్కానో కూర్చున్నాడు. వయసు నలభై ఆరు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఏడు పేర్లు మార్చాడు. ఏ పేరుతోనూ వీధిలో ఎవరికీ గుర్తుండడు. ఆ పనికి అంతకంటే పెద్ద అర్హత లేదు.

"ఫిర్మినో నా దగ్గర పదకొండేళ్లు చేశాడు," అంది ఎడ్విజెస్. "పోయే ముందు సాక్సులో ఇది దాచాడు."

తడిసి ఆరిన కాగితం ముక్క. మూడే మాటలు. కోడి. చివరి మ్యాచ్. 80.

"గోల్‌కీపర్ని కొనేశారన్నమాట," అన్నాడు టోస్కానో.

ఆ మాటకు అర్థం ఏమిటని ఆమె అడగలేదు. పోర్చుగల్‌లో ఎవరూ అడగరు. చేతికి దొరికిన కోడి కొట్టుకుని జారిపోయినట్టు, తేలికైన బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి లోపలికి పోతే దాన్ని 'కోడి' అంటారు. పేపర్లు రాసేదీ అదే, స్టేడియంలో అరిచేదీ అదే.

"అదే సిగ్నల్," అంది ఎడ్విజెస్. "ఎనభయ్యో నిమిషంలో కీపర్ కోడిని వదులుతాడు. స్టేడియం మొత్తం గొంతు చించుకుంటుంది. ఆ గోలలో తుపాకీ పేలినా వినపడదు."

"టార్గెట్?"

"ఇంజనీర్."

ఏడేళ్ల కిందట తూర్పు దేశం నుంచి పారిపోయి వచ్చిన మనిషి. అక్కడ రహస్యంగా విషవాయువు తయారుచేసే ఫ్యాక్టరీకి పైపులు గీసింది ఆయనే. ఇప్పుడు సాంటా ఇరియా అనే చేపల ఊళ్లో అడెలినో అనే పేరుతో బతుకుతున్నాడు. ఊళ్లోవాళ్లకు ఆయన ఇంజనీర్‌గారు. లీగ్ సీజన్ ఇంకో నాలుగు వారాలకు ఒక ఆదివారంతో ముగుస్తుంది. మర్నాడు సోమవారం ఆయన హేగ్ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చెప్తే ముగ్గురు మంత్రులు జైలుకెళ్తారు. చెప్పకుండా చూడడానికి ఆ దేశం ఒక ముఠాను పంపింది. సెక్షన్ ఫైళ్లలో ఆ ముఠా పేరు తోటమాలులు. ఎక్కడ కలుపు కనిపించినా పీకేస్తారు గనక.

"అప్పటిదాకా ఆయన్ని ఇంట్లో పెట్టి తాళం వేయొచ్చుగా మేడం?"

"చెప్పి చూశాను. మ్యాచ్‌కి పోనివ్వకపోతే కోర్టుకీ రానన్నాడు. ఏడేళ్లుగా ఆ ఊరి క్లబ్బొక్కటే ఆయనకున్న చుట్టం."

"మిగిలినవి ఎన్ని మ్యాచ్‌లు?"

"నాలుగు. ఫిర్మినో ఉద్యోగం నీది. జెర్సీలు ఉతకడం వచ్చా?"

"రక్తం మరకలు తీయడం వచ్చు."

"చాలు. అక్కడ మన మనిషి ఇంకొకామె ఉంది. సిడోనియా రెబెలో. క్లబ్బు స్పాన్సర్ కంపెనీ ప్రతినిధి. పుట్టి పెరిగింది లక్సెంబర్గ్‌లో, అమ్మానాన్నలు మనవాళ్లే. జనవరిలో మనకోసం పనిచేస్తానని తనంతట తనే వచ్చింది."

తనంతట తానుగా దుకాణం గడపకు వచ్చే సరుకును టోస్కానో ఎప్పుడూ రెండుసార్లు తిప్పి చూస్తాడు. కానీ పైవాళ్లు సంతకం పెట్టేసిన సరుకును ఏం చేస్తాం? తల ఊపి లేచాడు.

*

ఇరియెన్స్ క్లబ్బు ఆ సీజన్‌లో మునిగే పడవలా ఉంది. పద్దెనిమిది జట్లలో పదహారో స్థానం. ముప్పై ఒకటో మ్యాచ్ ఓడింది, ముప్పై రెండు డ్రా, ముప్పై మూడు మళ్లీ ఓటమి. చివరి మ్యాచ్‌లో కనీసం డ్రా చేయకపోతే పై డివిజన్ నుంచి కిందికి పోవాల్సిందే.

మొదటి వారమే సిడోనియా వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల సూటు. బూట్ల గది కంపులోకి మల్లెల అత్తరు వాసన తెచ్చింది.

"పదమూడో నెంబరు జెర్సీ ఉందా?" అని అడిగింది. అది కోడ్‌వర్డ్.

"పదమూడు ఎవరూ అడగరు," అన్నాడు టోస్కానో. అది జవాబు.

"నేనేం చూడాలి?"

"గోల్‌కీపర్‌ని. ఎవరితో మాట్లాడతాడో, ఎక్కడికి పోతాడో చూడు."

"ఎందుకు?"

"అది నీకు అనవసరం."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నొచ్చుకోవడం లేదు. బరువు దించేసిన మనిషి నవ్వులా ఉంది. టోస్కానో దాన్ని గమనించాడు గాని విలువ కట్టలేకపోయాడు.

కీపర్ పేరు జెఫెరినో. ఇరవై ఆరేళ్లు. షవర్ల దగ్గర గోడకు తిరిగి ఫోన్లో గుసగుసలు. ఎవరైనా వస్తే ఫోన్ తువ్వాల్లో చుట్టేసేవాడు. టోస్కానో వాడి గ్లవ్ లైనింగ్‌లో బటనంత మైకు కుట్టాడు. చెమటకి తడిసి అది గరగర తప్ప ఏమీ వినిపించలేదు. టెక్నికల్ విభాగం దాన్ని వాటర్‌ప్రూఫ్ అనే రాసిచ్చింది.

చివరి ఆదివారం మ్యాచ్‌కి గంట ముందు టోస్కానో వాణ్ణి పట్టుకున్నాడు. "ఎవరితోరా ఈ మాటలు?"

"మా ఆవిడతో, గాస్పర్ బాబాయ్. నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నారు. కోచ్‌కి తెలిస్తే మనసు ఆటలో లేదని పక్కన కూర్చోబెడతాడు. చెప్పకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా."

ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు ఎవరైనా పెట్టుకోగలరని టోస్కానో లెక్క. నమ్మలేదు.

*

సాయంత్రం ఆరు. చివరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలయ్యాయి. తొమ్మిది వేల మంది. సముద్రం మీంచి మబ్బు దిగి ఫ్లడ్‌లైట్లను ముసురుకుంది. స్టాండు పైకప్పు మీద ఇద్దరు, ఎదురు మేడల మీద ముగ్గురు సెక్షన్ షూటర్లు తోటమాలుల తుపాకీ కోసం వెతుకుతున్నారు. ఇంజనీర్ పడమటి స్టాండులో పన్నెండో వరస. అదే వరస చివర మెట్ల మీద గార్డు నార్బెర్టో. టోస్కానో మైదానం పక్క బెంచీ దగ్గర, స్టాండుకి వీపు పెట్టి ఉన్నాడు. చెవిలో దూది, దూదిలో ఇయర్‌పీస్. నాలుగు మ్యాచ్‌ల్లో అతను స్టాండు వైపు తిరిగింది లేదు. అతని సరుకు గోల్‌కీపర్ మరి.

వెనకనుంచి చేపలమ్మే ఆడవాళ్ల గొంతులు.

"ఒరేయ్ ఏడో నెంబరూ! పెళ్లికొచ్చావా ఆడ్డానికొచ్చావా?"

"మా అత్త పరిగెత్తుద్దిరా నీకంటే. చచ్చి మూడేళ్లయింది!"

అరవై నిమిషాలు. డెబ్బై. స్కోరు సున్నా సున్నా. రెండు గజాల దూరంలో, ప్రకటనల బోర్డు పక్కన సిడోనియా నిలబడి ఉంది. ఆట మొదలయ్యాక ఆమె ఆరుసార్లు వాచీ చూసుకుంది. కంగారు అందరికీ ఉంది. కానీ అందరూ స్కోర్‌బోర్డు మీది గడియారం చూస్తున్నారు.

డెబ్బై ఆరో నిమిషం. అవతలి జట్టు కుర్రాడు ముప్పై గజాల నుంచి బలం లేని దెబ్బ కొట్టాడు. బంతి నేలమీద దొర్లుతూ నేరుగా జెఫెరినో చేతుల్లోకి వచ్చింది. చేతుల్లోంచి కాళ్ల మధ్యకు, కాళ్ల మధ్య నుంచి లోపలికి పోయింది.

తొమ్మిది వేల గొంతులు ఒక్కసారి లేచాయి.

"కోడీ! కోడీ! కోడీ!"

టోస్కానో ఎదురు మేడల కేసి చూశాడు. ఇప్పుడే. తుపాకీ ఎక్కడ? కానీ మనసులో ఇంకో మూల చల్లగా లెక్క వేసింది. ఇది డెబ్బై ఆరు. డబ్బు పుచ్చుకున్నవాడు సరుకు నాలుగు నిమిషాలు ముందు ఎందుకు దించుతాడు?

అప్పుడు సిడోనియాను చూశాడు.

స్టేడియంలో ప్రతి కన్నూ గోల్‌పోస్టు మీద ఉంది. ఆమె కళ్లు మాత్రం వెనక్కి, పైకి, పడమటి స్టాండు మీదికి తిరిగాయి. మొహంలో చుక్క రక్తం లేదు. తన రహస్యాన్ని ఊరంతా కలిసి అరుస్తున్నట్టు నిలబడిపోయింది.

"వీళ్లు... వీళ్లెందుకు అలా అరుస్తున్నారు?" అంది. "కోడి అంటున్నారేంటి?"

అక్కడ విడిపోయింది ముడి. ఈమెకు తెలియదు. లక్సెంబర్గ్‌లో పుట్టింది నిజమో కాదోగాని, పోర్చుగల్ స్టేడియంలో ఒక్క ఆదివారమైనా తండ్రి భుజాల మీద కూర్చుని గడిపిన పిల్ల ఆ ప్రశ్న అడగదు. తోటమాలులకూ తెలియదు. వాళ్ల భాషలో కోడి అంటే కోడే.

నాలుగు వారాలు సెక్షన్ మొత్తం ఒక అమాయకుడి గ్లవ్స్ కుట్లు విప్పుతూ కూర్చుంది. పోర్చుగీసువాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

టోస్కానో దూదిని నొక్కాడు. "నార్బెర్టో! ఇంజనీర్ చేతిలో ఏముంది?"

"ఏం లేదు సార్. ఒళ్లో పొట్లం ఉంది. ఇంకా విప్పలేదు. ఎనభయ్యో నిమిషం దాకా ముట్టడుగా."

"ఏంటీ?"

"సెప్టెంబర్లో ఒకసారి ఎనభయ్యో నిమిషంలో తింటుంటే మనవాళ్లు గోల్ కొట్టారంట. అప్పట్నుంచీ అదే మొక్కు. ఈ వరసలో అందరికీ తెలుసు సార్."

వరసలో అందరికీ తెలుసు. సెక్షన్‌కి తెలియదు. 80 అనే అంకె టోస్కానో దగ్గర ఉంది, అలవాటు నార్బెర్టో దగ్గర ఉంది. ఆ రెండింటినీ ఒక బల్ల మీదకు రానివ్వని గొప్పతనానికి సెక్షన్‌లో పేరు గోప్యత.

"పొట్లంలో ఏముంది?"

"కాల్చిన కోడి సార్. సీజన్ అయిపోయిందని కంపెనీ మేడం పంపించారు. ఆవిడ మన మనిషేగా..."

"లాక్కో! వినపడుతోందా? లాక్కో!"

వినపడలేదు. ఇరియెన్స్ బంతి పట్టుకుని ముందుకు దూకింది. పడమటి స్టాండు మొత్తం లేచి నిలబడి ఊగిపోయింది. చెవిలో సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. గడియారం డెబ్బై తొమ్మిది చూపించింది.

సిడోనియా బోర్డు పక్కనుంచి అడ్డొచ్చింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సూది తళుక్కుమంది. ఫిర్మినో చెవి వెనకకు దిగిన సూది అదే అయి ఉండాలి. టోస్కానో భుజానున్న బూట్ల సంచిని ఆమె మణికట్టు మీదికి విసిరాడు. ఇనుప మేకుల బూట్లు పదకొండు జతలు. ఆమె బోర్డు మీద కుప్పకూలింది. అతను దాన్ని దాటి మెట్లెక్కాడు.

మూడో వరస. ఆరో వరస.

"ఎవడ్రా ఈ దున్నపోతు! కూర్చోరా, కనపడ్డంలా!"

"జెర్సీలుతికేవాడే! ఒరేయ్, నీకు టిక్కెట్టు ఉందంట్రా!"

తొమ్మిదో వరసలో ఒక ముసలామె గొడుగుతో వీపు మీద ఒకటి ఇచ్చుకుంది. స్కోర్‌బోర్డు మీద 80 వెలిగింది. పన్నెండో వరసలో సన్నటి, తెల్ల గడ్డం మనిషి నూనె కాగితం విప్పాడు. కాలు ముక్క తీశాడు. కళ్లు మైదానం మీదే ఉంచి నోటి దగ్గరికి తెచ్చాడు.

టోస్కానో ఇద్దరి భుజాల మీదుగా గాల్లోకి దూకాడు.

ముక్క ఎగిరి మెట్ల మీద పడింది. టోస్కానో ఇంజనీర్ మీద పడ్డాడు. సరిగ్గా అప్పుడే స్టాండు పేలినట్టు అరుపు. కాళ్లు, కేకలు, కన్నీళ్లు, పక్కవాళ్ల కౌగిలింతలు, పైనుంచి పోసిన బీరు.

మెట్ల మీది ముక్కను సముద్రపు కొంగ ఒకటి వాలి ఎత్తుకుంది. రెక్కలు నాలుగుసార్లు కొట్టింది. ఐదోది కొట్టలేదు. మైదానం మూలనున్న జెండా పక్కన రాయిలా పడింది.

చెవిలో ఎడ్విజెస్ గొంతు వచ్చింది. "సిడోనియా మా చేతిలో ఉంది. మణికట్టు విరిగింది. ఆమెతో వచ్చిన తోటమాలులు ఇద్దరు గేటు దగ్గర వ్యానులో దొరికారు. ఇంజనీర్?"

"బతికే ఉన్నాడు మేడం."

"జెఫెరినో?"

"తండ్రవుతున్నాడు. అంతకుమించి నేరమేం లేదు."

టోస్కానో లేచి, చెయ్యి అందించి ఇంజనీర్‌ని నిలబెట్టాడు. ముసలాయన విరిగిన కళ్లద్దాలు సర్దుకుని స్కోర్‌బోర్డు చూశాడు. ఒకటి ఒకటి.

"ఎవరు కొట్టారు?" అన్నాడు.

"చూళ్లేదు సార్. మిమ్మల్ని కాపాడుతున్నాను."

"ఎలా కొట్టాడు? తలతోనా, కాలితోనా?"

"తెలీదు సార్. ఆ కోడిలో విషం ఉంది. ఒక్క ముక్క తింటే చచ్చిపోయేవారు."

ఇంజనీర్ చుట్టూ చూశాడు. వరసంతా ఏడుస్తూ ఒకళ్లనొకళ్లు వాటేసుకుంటోంది. ఆయన వేలు పైకెత్తి టోస్కానో ఛాతీ మీద పొడిచాడు.

"పదిహేడు హోమ్ మ్యాచ్‌లు, వానలో, చలిలో, ఒక్కటి మానకుండా వచ్చాను. మమ్మల్ని డివిజన్‌లో నిలబెట్టే గోల్ ఒక్కటే, ఆ ఒక్కటీ నీ వీపు వెనక పోయింది. రేపు హేగ్‌లో జడ్జీలకు ముందు నీ గురించే చెప్తాను, మంత్రుల సంగతి ఆ తర్వాత!"