గఫూర్ షెడ్డులో బుస

పూర్ణా మార్కెట్ వెనక సందులో గఫూర్ షెడ్డంటే అందరికీ హడలే. చీకటి పడ్డాక అటు కుక్క కూడా పోదు. షట్టరు దించే ఉంటుంది. లోపల ఇంజనూ లేదు, మనిషీ లేడు... అయినా బుస్సుమని ఎవరో గాలి పీలుస్తున్న చప్పుడు వస్తుందట. విన్నదెవరయ్యా అంటే మాత్రం ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు.

కార్బ్యురేటర్ల పనిలో గఫూర్ ఉస్తాద్‌ని మించినవాడు విశాఖలో లేడు. ఆఖరి రోజుల్లో ఆయన చెవులు పోయాయి. ఆ సంగతి తెలిసింది ఒక్క శిష్యుడికే — హసన్‌కి. హసన్ ఏం చేశాడు? కడుపులో దాచుకున్నాడా? లేదు. వచ్చిన ప్రతి కారు ఓనర్ చెవిలోనూ ఊదాడు. నెల తిరక్కుండా ఉస్తాద్‌కి పని లేకుండా పోయింది. ఆ షెడ్డులోనే, పనిముట్ల మధ్య, మంచం మీద పోయాడు.

ఆ తర్వాత కార్లన్నీ హసన్ దగ్గరికే వచ్చాయి.

పైవాడు ఊరుకుంటాడా? మొన్న వానాకాలంలో హసన్ కుడిచెవి మూసుకుపోయింది. ఇంట్లో భార్య సనోబర్‌కి కూడా చెప్పలేదు. ఎవరు మాట్లాడినా ఎడమచెవి అటు తిప్పి నవ్వుతూ నిలబడేవాడు. ఆ ఒక్క చెవీ ఉన్నన్నాళ్లే తన తిండి. అది అతనికి బాగా తెలుసు.

అలాంటప్పుడు దువ్వాడ నుంచి శ్రీరామ్మూర్తి తన పాతకారు తెచ్చాడు. ఒకే ఇంజనుకి రెండు కార్బ్యురేటర్లు. తెల్లారితే బీచ్ రోడ్డులో పాతకార్ల ఊరేగింపు. బండేమో దగ్గుతోంది, గునుస్తోంది.

రెండు కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బ్యురేటర్ మూతి దగ్గర. ముందుదాని బుస, వెనకదాని బుస ఒక్కలా వినిపించేదాకా మర తిప్పాలి. పగలు మార్కెట్ గోలలో అది కుదరదు. గోల లేని చోటు, మందపాటి గోడలున్న చోటు ఒక్కటే ఉంది.

"గఫూర్ సెడ్డులోనా? ఈ రేత్తిరి?" టీ బడ్డీ చిట్టెమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "నీకేటైనా పిచ్చా హసనూ?"

"దెయ్యం లేదు, గియ్యం లేదు."

"నాను మాత్రం లోపలికి రాను బావూ," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఇక్కడే టీ తాగతా కూకుంటాను."

రాత్రి రెండు దాటింది. కారుని లోపల పెట్టి, షట్టరు సగం దించి, హసన్ ఇంజను స్టార్ట్ చేశాడు. గొట్టం ఎడమచెవిలో పెట్టుకున్నాడు. ముందు కార్బ్యురేటర్ — గట్టిగా బుస. వెనకది — సన్నగా. మర పావు తిప్పాడు. మళ్లీ విన్నాడు. ఇంకో పావు...

రెండూ కలిశాయి. ఎంత బాగా కలిశాయంటే, ఉస్తాద్ బతికున్నా ఇంతకంటే కలపలేడనుకున్నాడు.

మురిసిపోతూ గొట్టాన్ని కార్బ్యురేటర్ నుంచి పక్కకి తీశాడు.

బుస ఆగలేదు.

గొట్టం చెవిలోంచి లాగేశాడు. ఆగలేదు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. బోనెట్ వణుకు ఆగింది... బుస ఆగలేదు. ఇంకా పెరిగింది. గోడల్లోంచి, నేలలోంచి, ఆ మూలనున్న ఖాళీ మంచం మీంచి —

"ఉస్తాద్..." అన్నాడు. భయానికి గొంతు ఎండిపోయిందేమో, తన మాట తనకే అందలేదు. "తప్పయిపోనాది ఉస్తాద్... నీ సెవుల సంగతి నానే సెప్పాను అందరికీ. మాఫ్ కర్నా... వొదిలెయ్ నన్ను..."

బుస ఆయన జవాబులా అలాగే సాగింది.

హసన్ షట్టరు కింద నుంచి దూరి, కారు తాళం పిడికిట్లో బిగించి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. సందు దాటాడు. మార్కెట్లోకి వచ్చి పడ్డాడు.

పద్మనాభం పల్లెల నుంచి కూరగాయల లారీలు వచ్చి ఉన్నాయి. కూలీలు బస్తాలు దించుతున్నారు. ఒకడు నోరంతా తెరిచి ఎవరినో పిలుస్తున్నాడు. ఇనప చక్రాల బండి రాళ్ల మీద ఎగురుతూ పోతోంది. లారీ లైట్లు కొట్టి వెనక్కి వస్తోంది.

ఒక్క చప్పుడు లేదు. బుస తప్ప.

చిట్టెమ్మ లేచి ఏదో అడిగింది. పెదాలు కదిలాయి... అంతే.

"ఆ శబ్దం మీకు ఇనబడతందా సారూ?" అని శ్రీరామ్మూర్తి చొక్కా పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అరిచాడో ఏమో, కూలీలంతా బస్తాలు దించి ఇటు తిరిగారు. శ్రీరామ్మూర్తి ఏదో చెప్పాడు. మళ్లీ చెప్పాడు. మెడ నరాలు ఉబ్బేలా చెప్పాడు.

హసన్ అలవాటుగా ఎడమచెవి అటు తిప్పి, నవ్వాడు.

శ్రీరామ్మూర్తి అతని ముఖంలోకి కాసేపు చూశాడు. రెండు చేతులూ ఎత్తి, ఆ ఎడమచెవి పక్కనే చప్పట్లు కొట్టాడు. అరచేతులు కలవడం హసన్‌కి కనబడింది.

శ్రీరామ్మూర్తి చిట్టెమ్మ వైపు తిరిగి, తన చెవి చూపిస్తూ ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. బస్తాల దగ్గరివాళ్లూ నవ్వారు. అప్పుడు శ్రీరామ్మూర్తి, హసన్ వేళ్లు ఒక్కొక్కటే విప్పి, కారు తాళం తీసేసుకున్నాడు.