రెండో ఆటగాడి నాణెం

ఆ పొద్దున ఆకాశం వాన కురిపించబోయి మనసు మార్చుకుంది. కొండమీద మబ్బులు మాత్రం కదలకుండా నిలబడ్డాయి. హిలారియో మేకపాల జున్ను తట్ట భుజాన పెట్టుకుని దోన్యా చేలా కొట్టుకి దిగేసరికి గుమ్మం ముందు ఖాళీ ట్రక్కు ఆగి ఉంది.

"వీడియోగేమ్ పెట్టెని పట్టుకుపోతున్నారు," అంది యదిరా కౌంటర్ వెనకనుంచి. "ఆ మూల ఫ్రిజ్ పెడుతుందట చేలా అత్త."

అతను తట్ట దించాడు.

"అది పోయాక నాకూ ఇక్కడ పనేముంది? మళ్లీ గ్వాదలహారా సిటీకి బస్సెక్కేస్తా."

నవ్వుతూనే అంది. హిలారియో మాత్రం తట్టమీది గుడ్డని సర్దిందే మళ్లీ సర్దాడు.

చిన్నప్పుడు బడి వదలగానే ఇద్దరూ ఆ పెట్టె ముందుండేవారు. తెర అంచున నాణెం పెడితే తర్వాతి పోటీ మనది. ఓడినవాళ్లు తప్పుకోవాలి. ఎదురుగా నిలబడితే హిలారియోకి నోరు పెగలదు. భుజం భుజం ఆనించి, చూపు తెరమీద పెడితే మాత్రం ఈనిన మేక సంగతి, నాన్న కోపం, రాత్రి వచ్చిన కల, అన్నీ చెప్పేవాడు. పెద్దయ్యాక ఆమె పనికోసం నగరం వెళ్లింది. మొన్న ఎండాకాలం తిరిగొచ్చింది. మళ్లీ రోజూ ఆడారు. అతను అసలు మాట తప్ప అన్నీ చెప్పాడు.

"రా, ఆఖరాట," అంటూ యదిరా పెట్టె దగ్గరికొచ్చి నాణేలు వేసింది. "ఈసారి కావాలని ఓడితే చంపుతా."

"నేనెప్పుడు ఓడానూ?"

"అబ్బో! మొదటి రౌండు గెలుస్తావు, రెండోది పారేస్తావు. మూడోది ఆడొచ్చని. నాకు తెలీదనుకున్నావా?"

లోపల రొట్టెలు కాలుస్తున్న దోన్యా చేలా గొంతెత్తింది. "అదొక్కటేనా! నువ్వు లేనన్నాళ్లూ ఈ వెర్రిబాగులోడు రెండు నాణేలు వేసేవాడు. తనకొకటి, రెండో ఆటగాడికొకటి. కొట్టడు, తన్నడు. తెరమీద కొట్టుకునే ఆ బొమ్మలు రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి టైమ్ అయ్యేదాకా చూసి ఇంటికెళ్లేవాడు!"

జాయ్‌స్టిక్ మీద యదిరా చెయ్యి ఆగిపోయింది.

"నిజమేనా?"

"ఆట చూడు. చచ్చిపోతావ్."

"చస్తే చస్తాను. చెప్పు."

"పక్కన మనిషి ఉన్నట్టుండేది."

"ఏ మనిషి?"

అతను తెరమీంచి చూపు తిప్పలేదు. "నువ్వెళ్లాక నాకు మాట్లాడ్డానికి..."

ట్రక్కువాడు ప్లగ్ పీకేశాడు. సంగీతం తెగిపోయింది. నల్లబడ్డ గాజులో రెండు మొహాలు మిగిలాయి.

"వెళ్లకు," అన్నాడు హిలారియో.

"ఎవరికి చెప్తున్నావ్? గాజుకా, నాకా?"

అతను తిరిగాడు. ఆ కాస్త తిరగడానికి కొండెక్కినంత ఆయాసం వచ్చింది.

"నీకే. ఉండిపో యదిరా. నాతో."

ఆమె కళ్లు తుడుచుకుని కౌంటర్ వైపు నడిచింది. "రేపట్నుంచి జున్ను నేనే తూస్తా. తరుగొస్తే ఊరుకోను, చెప్తున్నా."

పెట్టె వెళ్లిపోయింది. దోన్యా చేలా ఆ మూలలోనే చిన్న బల్ల వేసి, ఉడికిన చిక్కుళ్లూ మిరపకాయ పచ్చడీ వేడి మొక్కజొన్న రొట్టెలూ పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికెళ్లింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె రొట్టె తుంచి సగం అతని పళ్లెంలో వేసింది. అతను పచ్చడి ఆమె వైపు జరిపాడు. తలెత్తినప్పుడల్లా చూపులు తగులుకుంటున్నాయి. ఈసారి ఎవరూ తిప్పుకోలేదు.