పెబ్బేరు సంతలో కొన్న కోటు

"కోటు తొడుక్కున్నవా?"

"తొడుక్కున్న అత్తమ్మా."

రాట్నం మీద కండెలు చుడుతూ జములమ్మ అడగడం, టపా సంచి సర్దుకుంటూ నవనీత జవాబివ్వడం వానాకాలంలో ఆ ఇంట్లో రోజూ జరిగేదే. గద్వాల చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు నవనీత సైకిల్ మీద టపా పంచుతుంది. కోడలు తడవకూడదని జములమ్మ పెబ్బేరు సంతంతా తిరిగి ఆ వానకోటు తెచ్చింది. బొటనవేలితో నలిపి, గుంజి చూసి, ఉన్నవాటిలో దిట్టమైనది ఏరింది. నలభై ఏళ్లుగా మగ్గం పక్కన బతుకుతున్న మనిషి. బట్ట గురించి ఆమెకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

అయినా ఆ మధ్యాహ్నం కోడలు రవిక ఒంటికి అతుక్కుపోయి, దగ్గుతూ వచ్చింది. కోటేమో క్యారియర్ మీద మడిచి ఉంది. ఈ వానాకాలంలో ఇప్పటికే రెండుసార్లు జ్వరం. జములమ్మకు ఒళ్లు మండింది.

"నేను తెచ్చిన కోటు తొడగాలంటె సిగ్గా నీకు?"

"సిగ్గేంది అత్తమ్మా. తొడుక్కునే పోయిన."

"తొడుక్కుంటె గిట్లెట్ల తడిసినవ్?"

 మగ్గం గుంటలోంచి కొడుకు నిరంజన్ తల ఎత్తాడు. "అమ్మా, జర ఆగరాదే."

"నువ్వు ఊకో. పెండ్లాం పానం మీద నీకు సోయి లేదు, నాకుంది. రేపటిసంది ఆ సైకిల్ గడప దాటది. నౌకరి బంద్!"

 ఆ నౌకరీ ఆమె సొంతంగా సంపాదించుకున్నది. నవనీత క్యారియర్ మీది కోటు తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

"లోపట చెయ్యి పెట్టి చూడు అత్తమ్మా."

పెట్టింది. ఇంకా వెచ్చగా, పిండితే కారేలా ఉంది.

"వాన కాదు, చెమట. రెండు మైళ్లు తొక్కంగనే లోపట ఉడుకుతది. ఆవిరి పోయే తోవ లేదు. ఊపిరాడక ఇప్పుడే వీధి మలుపుల ఇప్పిన."

"మరి ఇన్ని రోజులు చెప్పకపోతివేంది?"

"నా కోసమని సంతంతా తిరిగి తెచ్చినవ్. బాగలేదని నోరెట్ల రావాలె?"

జములమ్మ కోటు పక్కన పెట్టింది; నౌకరి బంద్ మాట మళ్లీ ఎత్తలేదు. చీర కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆమె చెప్పేదొకటే: "అంచు పట్టుది, ఒళ్లు నూలుదమ్మా, ఉక్కపొయ్యది." ఊరందరికీ చెప్పిన మాట సొంత కోడలి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయింది. పైగా తిట్టింది. ఆమెకు నిజంగా సిగ్గేసింది.

ఆ సాయంత్రం కొడుకును పెరట్లోకి పిలిచి ఫోన్‌లో కోట్లు చూపించమంది. "వాన లోపటికి రావద్దు, ఆవిరి బయటికి పోవాలె. గసొంటిది ఉంటదా?" ఉంటుందన్నాడు. చంకల కింద గాలి ఆడే జిప్పులు, ముందుకు వంగి తొక్కినా నడుము తడవకుండా వెనకవైపు పొడుగు, నీళ్లు దిగకుండా కుట్ల మీద లోపల అతికించిన పట్టీ, అన్నీ ఉన్నదొకటి ఏరారు. రంగు మాత్రం ఆమే తేల్చింది. "పసుపుది తీస్కో. లారీవాని కండ్లవడాలె."

నాలుగో రోజు నవనీత టపా సంచిలోంచి ఒక పొట్లం తీసి అత్త ముందు పెట్టింది. దాని మీద జములమ్మ పేరుంది.

"సంతకం పెట్టు అత్తమ్మా."

జములమ్మ పెట్టింది. పొట్లం విప్పి కోటును కోడలికివ్వకుండా సరాసరి వంటింట్లోకి పట్టుకుపోయింది. పొగలు కక్కే చాయ్ గ్లాసు మీద దాన్ని పరిచి, పైన స్టీలు పళ్లెం పట్టింది. కాసేపటికి బట్టలోంచి పైకి వచ్చిన ఆవిరి పళ్లెం అడుగున చెమ్మగా పట్టింది. తర్వాత కోటు మీద చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు పూసల్లా జారిపోయాయి. "ఇగ తొడుక్కో," అంది.

మర్నాడు జోరు వాన. నవనీత తిరిగి రాగానే జములమ్మ ఆమె రవిక వెనక చెయ్యి పెట్టి చూసింది. కొంచెం చెమ్మ, అంతే. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగ నుంచి బాగలేకుంటె బాగలేదని చెప్పు బిడ్డా. నువ్వు చెప్పకుంటె నాకు తెల్వదు."

"చెప్పాల్నా?"

"చెప్పాలె."

"అయితే చెప్తున్న అత్తమ్మా. పొద్దుగాల నువ్వు సద్దిల కట్టిన పప్పుల ఉప్పెక్కువైంది."

మగ్గం చప్పుడు ఠక్కున ఆగింది. జములమ్మ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, రాత్రికి పప్పు నువ్వే చెయ్యమంది.