ఒట్టావియా చేతికి కుదిరిన పిస్టల్

సాక్షులిద్దరూ ఒకే వారంలో పోయారు. ఒకడు ఇటలీలోని బ్రెషా స్టేషన్ బయట కారులో, రెండోవాడు సొంత ఇంటి మెట్ల మీద. విదేశీ గూఢచారి ముఠా మీద కేసు విచారిస్తున్న జడ్జి తెబాల్దీ ఒక్కడే మిగిలాడు.

"శనివారం ఆయన లోయలోని షూటింగ్ రేంజికి వెళ్తాడు. వద్దంటే వినడం లేదు," అన్నాడు నిఘా విభాగం కల్నల్ మలస్పీనా. "అక్కడ కొత్త టార్గెట్ పిస్టల్ విడుదల ఉంది. పత్రికలవాళ్ళని పేల్చి చూడనిస్తారు. నువ్వు పత్రికామనిషిగా వెళ్ళు. పిస్టల్ పట్టుకుని ఆయనకి దగ్గర్లో నిలబడటానికి అంతకన్నా మంచి కవర్ దొరకదు."

ఏజెంట్ ఒట్టావియా బొంతెంపి ఒకప్పుడు జాతీయ జట్టులో షూటర్. ఆమెని ఎవరూ గుర్తుపట్టకుండా నెరిసిన విగ్గు, మందపాటి కళ్ళద్దాలు ఇచ్చారు.

రేంజిలో ఆమెకి ఎదురొచ్చింది లొరెదానా. తెల్లటి ఫర్ కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. పిస్టల్ ఫ్యాక్టరీలో అమ్మకాలు చూసే అందగత్తె, అక్కణ్ణించి కల్నల్‌కి రహస్యంగా కబుర్లు అందించే మనిషి కూడా.

"కాఫీలో గ్రప్పా సారా పోస్తారా ఇక్కడ?" అని కోడ్ మాట అడిగింది ఒట్టావియా.

"పొద్దున్న కదా, సగమే పోస్తారు." లొరెదానా గొంతు తగ్గించింది. "ఆ విగ్గులో మీ అత్తలా ఉన్నావే."

ఇద్దరూ ఒకే జట్టులో ఆడినవాళ్ళు. కారు తలుపులో పడి ఒట్టావియా ఉంగరపు వేలు విరిగి వంకరగా అతుక్కున్నప్పుడు, ఆ చలికాలమంతా రోజూ నూనె రాసి మర్దనా చేసింది లొరెదానాయే.

లొరెదానా పెట్టె తెరిచింది. లోపల మఖమల్ గుడ్డలో రెండు గుంటలున్నాయి. ఒకదానిలో పిస్టల్ ఉంది, రెండోది ఖాళీ. పిస్టల్ తీసి ఇచ్చి, జడ్జిని పలకరించి వస్తానంటూ వెళ్ళిపోయింది.

ఒట్టావియా టార్గెట్ వైపు తిరిగి చెయ్యి చాచింది. బరువు కొంచెం ముందుకి మొగ్గింది, అందువల్ల బ్యారెల్ వణకలేదు. ట్రిగ్గర్ ఎప్పుడు కదిలిందో వేలికే తెలియలేదు. గుండ్లన్నీ నాణెమంత చోట దిగాయి. ఇంత మంచి ఆయుధం ఎన్నడూ పట్టలేదనుకుంది.

అప్పుడు గమనించింది. చెక్క పిడి ఆమె అరచేతిలో అతికినట్టు కూర్చుంది. ఉంగరపు వేలి దగ్గర చెక్కని లోపలికి తొలిచారు, వంకర వేలు సరిగ్గా ఇమిడేలా. ఇది పత్రికామనిషి కోసం చేసిన పిడి కాదు. తన కోసం చేసింది. ఆ వేలి వంపు చేత్తో తడిమి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే.

ఒట్టావియా పెట్టె వైపు చూసింది. ఖాళీ గుంటలోని పిస్టల్‌కీ ఇలాంటి పిడే ఉంటుంది. జడ్జి దానితో చస్తాడు, తర్వాత అది తన ముందు బల్ల మీద దొరుకుతుంది. ఆ పిడిలో తన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పట్టదని ఏ కోర్టయినా నమ్ముతుంది.

అటు చివర జడ్జి చెవులకి చప్పుడు వినబడని కప్పులు పెట్టుకుని గురి చూస్తున్నాడు. ఆయన వెనక తూటాల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులో తెల్లటి ఫర్.

అరిచినా ఆయనకి వినబడదు. రేంజిలో టార్గెట్ల వైపు తప్ప ఎటూ తుపాకీ తిప్పకూడదు. ఒట్టావియా తిప్పింది.

లొరెదానా పిస్టల్ ఎత్తింది గాని, పిడి ఆమె చేతిలో ఇమడలేదు. వేళ్ళు సర్దుకోవలసి వచ్చింది. ఆ లోపు ఒట్టావియా పేల్చింది. లొరెదానా పేల్చిన గుండు గది పైకప్పులోకి పోయింది. ఫర్ కోటు మెల్లగా నేలకి జారింది.

ఒట్టావియా పరుగెత్తి వెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకే ఇలా చేశావని అడిగింది.

"ముఠావాళ్ళు నిన్నూ చంపేస్తామన్నారే," అంది లొరెదానా. ఊపిరి అందడం లేదు. "జైలుకి పంపితే చాలదా అని నేనే బేరమాడాను. జైలయితే... చూడ్డానికి రావచ్చని."

ఇంకేదో అనబోతూ ప్రాణం విడిచింది. ఆమె ముఖానికి అంటిన దుమ్మునీ లిప్‌స్టిక్‌నీ ఒట్టావియా తన రుమాలుతో తుడిచింది.

సాయంత్రానికి ముఠాలో మిగతావాళ్ళు మిలాన్‌లో దొరికారు. జడ్జి ప్రాణాలతో ఇంటికి చేరాడు. రేంజి మేనేజర్ మాత్రం ఒట్టావియాని గేటు దాకా సాగనంపి, గురి అద్భుతమని మెచ్చుకుని, పక్కకి తిరిగి పేల్చినందుకు ఆమెని జీవితాంతం బహిష్కరించాడు.