దొరకి పెట్టాల్సిన పూట

అటక మీద జున్నుగడ్డలూ, కుండ నిండా వెన్నా, ఉప్పు పట్టించిన గొర్రె మాంసమూ పెట్టుకుని మేం కడుపు మాడ్చుకున్నాం. ఎందుకంటే అవి మావి కావు, దొరవి.

చలికాలం మొదలవగానే ఊష్జన్ దొర పడవెక్కి దీవులన్నీ తిరిగేవాడు. తన భూమి దున్నుకునే ప్రతి ఇంట్లో ఒక పూట దిగేవాడు. వెంట పడవవాళ్ళు, పాటగాడు, వేటకుక్కలు. పొద్దుగూకాక కూర్చుంటే తెల్లారేదాకా తినేవాళ్ళు. వెళ్ళాక మాకు మిగిలేవి ఎముకలూ, పొగడ్తలూనూ. "నీ చేతి వంట అమృతం, మార్సలీ" అనేవాడు దొర. ఆ మాటనే ఉడకేసుకుని తినమని కాబోలు. పూట పెట్టలేని ఇల్లు ఆయన పడవకి ఒక మనిషిని ఇచ్చుకోవాలి. తెడ్డు వెయ్యడానికి వెళ్ళినవాడు దొర వదిలినప్పుడే ఇంటికొస్తాడు.

ఆ ఏడు బార్లీ వానకి కుళ్ళిపోయింది. రాళ్ళకి అంటుకున్న నత్తలు గీక్కొచ్చి ఉడకబెట్టుకునేవాళ్ళం. మా కూతురు షీలస్ అప్పటికి ఇంకా పసిది. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే దాని ఎముకలు నాకు గుచ్చుకునేవి.

అంతలో కబురొచ్చింది. అవతలి దీవి నుంచి వస్తూ దొర పడవ సుడిలో మునిగిపోయింది. ఒక్కడూ బతకలేదు. శవాలు కూడా దొరకలేదు.

"అయ్యో" అన్నాను. అని అటక వైపు చూశాను. మా ఆయన టోర్కిల్ కూడా అటే చూస్తున్నాడు.

"ముట్టుకోకండర్రా" అంది మా అత్త. "దొర పేరు చెప్పి ఎత్తిపెట్టిన కూడు అది. దొర దిగకుండా మనం తినకూడదు."

"దిగడానికి ఆయనుంటే కదా అత్తా! ఈపాటికి చేపలు ఆయన్నే తింటున్నాయి" అన్నాను.

"నోరు ముయ్యవే" అంటూనే టోర్కిల్ నిచ్చెన వేశాడు.

తిన్నాం. పొయ్యి చుట్టూ కూర్చుని వేళ్ళు నాక్కుంటూ తిన్నాం. కొన్నాళ్ళకి షీలస్ బుగ్గల్లోకి రంగొచ్చింది. అత్త మాత్రం ముట్టలేదు. ఆ తిండి తిన్నందుకు నేనిప్పటికీ సిగ్గుపడను.

దొర రావాల్సిన రోజు వచ్చింది. పొద్దుటి నుంచీ కప్పు పీకుతున్న గాలి చీకటి పడగానే ఉన్నట్టుండి ఆగిపోయింది. మా కుక్క మంచం కిందికి దూరి, అరవకుండా వణకడం మొదలెట్టింది. తడిసిన ఉన్ని వాసన... కుళ్ళిన నాచు వాసన... రేవు నుంచి ఇంటికొచ్చే దారిలో అడుగుల చప్పుడు. చాలామంది అడుగులు. తలుపు దగ్గరకొచ్చి ఆగాయి.

"ఈ రాత్రికి చోటుందా?"

మా దీవుల్లో గుమ్మం ముందు నిలబడి అలా అడిగినవాళ్ళని మీరెవరు అని అడగకూడదు. అడిగితే వచ్చినవాళ్ళని అవమానించినట్టు. మాటలు వచ్చినప్పటి నుంచీ నాలుకకి అలవాటైన జవాబు టోర్కిల్ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇల్లు మీదే, రండి."

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏం లాభం?

వచ్చారు. ప్రతి ఏడూ కూర్చునే చోట్లలోనే కూర్చున్నారు. జుట్లు మొహాల మీద పడి ఉన్నాయి. నీళ్ళు కారుతున్నాయి. పొయ్యి మండుతూనే ఉంది గానీ దానికి వేడి లేదు. దొర చోట్లో దొర. ముందుకి చాచిన చేతి వేళ్ళు తెల్లగా, ఉబ్బిపోయి...

నత్తల చారు గిన్నె ముందు పెట్టాను. తాకలేదు.

"జున్ను?" గుసగుసలాంటి గొంతు.

"లేదు, దొరా" అన్నాడు టోర్కిల్.

"వెన్న?"

"లేదు..."

"ఎవరు తిన్నారు?"

నా ఒళ్ళోంచి షీలస్ చెప్పింది. "నేనే తిన్నా. బాగుంది."

దొర తల మెల్లగా దాని వైపు తిరిగింది. దాన్ని వెనక్కి లాక్కున్నాను. టోర్కిల్ మా ఇద్దరికీ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అది పసిది, దొరా. తెడ్డుకి నేనొస్తాను."

దొరా, ఆయనవాళ్ళూ లేచారు. వెళ్ళిపోయారు. టోర్కిల్ మాత్రం అక్కడే, నా కళ్ళ ముందే ఉన్నాడు. పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాడు. ముగ్గురం కావలించుకుని ఏడ్చాం. అత్త ఒక్కతే ఏడవలేదు.

తెల్లారి ఆయన అరిచేతులు చూశాను. రెండు చేతులూ బొబ్బలు. జుట్టు నిండా సముద్రపు ఉప్పు.

ఆ రోజు నుంచీ చీకటి పడితే చాలు, టోర్కిల్ మాట్లాడుతున్న మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయేవాడు. నిద్రలో చేతులు ముందుకీ వెనక్కీ లాగేవి. ముందుకి... వెనక్కి... తెల్లారేదాకా. పగలు లేచి తిరిగేవాడు, పొలం పనీ చేసేవాడు. మనిషి మాత్రం చిక్కి సగమయ్యాడు. "ఎక్కడికయ్యా తీసుకెళ్తున్నావు వాళ్ళని?" అని రోజూ అడిగేదాన్ని. జవాబు వచ్చేది కాదు. అయినా నా మనిషి నా పక్కనే ఉన్నాడు కదా అని సరిపెట్టుకున్నాను.

ఏడాది తిరిగింది. మళ్ళీ చలికాలం, మళ్ళీ ఖాళీ అటక. ఒక రాత్రి షీలస్ నా భుజం మీద నిద్రపోతోంది. మంచం మీద టోర్కిల్ చేతులు లాగుతున్నాయి. అలవాటుగా అడిగాను.

"ఎక్కడిదాకా వచ్చారయ్యా?"

ఈసారి ఆయన పెదవులు కదిలాయి.

"ఒడ్డు కనిపిస్తోంది."

"ఏ ఒడ్డు?"

"మనదే. దొరకి ఆకలిగా ఉందట."

"ఇంట్లో ఏం లేదని చెప్పవయ్యా!"

"చెప్పాను. పర్లేదన్నాడు. ఇంకో తెడ్డు ఖాళీగానే ఉందట..." ఊపిరి పీల్చుకున్నాడు. "చిన్న తెడ్డేనట, మార్సలీ."

షీలస్‌ని గుండెకి అదుముకున్నాను. కింద రేవులో పడవ అడుగు గులకరాళ్ళకి గీరుకున్న చప్పుడైంది.

టోర్కిల్ చేతులు ఆగిపోయాయి.