తాటాకుల కట్ట

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరు చెప్పారో గానీ, నాకు జరిగింది మధ్యాహ్నం రెండు గంటలకి. 2023 జూన్, దుబాయ్ దేశంలో ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊరు. బయట ఎండ మాడ్చేస్తోంది. సార్ ఇంట్లో వంటా ఇంటిపనీ చేయబట్టి అప్పటికి ఆరేళ్లు.

మా సార్ పేరు గ్విలిమ్. ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషువాడివా అంటే మొహం మాడ్చుకునేవాడు, మాది వేల్స్, మా దేశం వేరు, భాష వేరు అనేవాడు. పెళ్లాం పిల్లల్లేరు, ఉన్నదల్లా పుస్తకాలే. పాత రాతపుస్తకం ఎక్కడుందని తెలిసినా తెచ్చుకునేదాకా నిద్రపోడు. పూర్వం వాళ్ల దేశంలో ఒక పెద్దమనిషి ఇలాగే ఊరూరా తిరిగి పోగుచెయ్యబట్టే తమ భాషలో రాతలు మిగిలాయని చెప్పేవాడు. చెబుతుంటే కళ్లు చెమర్చేవి. ఆ కళ్లు చూసే నేను మోసపోయాను.

మా నాన్న అప్పాజీ రాజోలు దగ్గర నాటువైద్యుడు. తాతల నాటి తాటాకుల కట్టకి తానూ ఆకులు చేర్చి, ఇనప గంటంతో మందులు రాసేవాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "ఇది గడప దాటకూడదమ్మా" అన్నాడు. సరేనన్నాను. కర్మలవగానే అటక మీంచి దింపి, చీరల మధ్య పెట్టుకుని దుబాయ్ తెచ్చేశాను. తమ్ముడు నాగబాబుకి కూడా చెప్పలేదు. అక్కడుంటే చెదలు తినేస్తాయి, ఫోటోలు తీసుకుని నెలలో ఇచ్చేస్తానని సార్ అన్నాడు మరి. ఫోటోలకి ఒప్పుకున్నట్టు ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు.

పదకొండు నెలలైంది. నాన్న సంవత్సరీకానికి నేను శుక్రవారం బయల్దేరాలి. తమ్ముడు చూసేలోపు కట్ట మళ్లీ అటక ఎక్కాలి. నాకు కావలసింది అంతే. బుధవారం భోజనం వడ్డిస్తూ అడిగాను.

సార్ ఫైలు తెరిచి ఆ కాగితం చూపించాడు. "ఇది దానపత్రం, భవానీ. నువ్వే నాకిచ్చేశావు. ఖలాస్."

"ఫోటోలకన్నారు కద సార్..."

"మీ ఇంట్లో పాడైపోనివ్వమంటావా?" అన్నాడు మెల్లగా, నాకేదో మేలు చేసినట్టు. "చివరి నాలుగాకులూ ఖాళీగా ఉన్నాయి. మసి పూసి చూడు, అక్షరాలున్నాయేమో."

ఆరేళ్లు. జ్వరమొస్తే నా చేతి జావ తాగి లేచిన మనిషి. ఒళ్లు మండిపోయింది నాకు. అయినా కట్ట ఇంకోసారి చేతికొస్తుంది, ఎలాగోలా పట్టుకుపోవచ్చని గదిలోకెళ్లాను.

పుస్తకాల గదికి నల్ల తెరలు. వెలుగు తగిలితే సిరా వెలిసిపోతుందని పగలు కూడా ఒక్క చిన్న దీపమే. ఏసీ చలి, పాత తోలు వాసన, ఆకులకి రాసే నిమ్మగడ్డి నూనె వాసన. గంటంతో గీసిన అక్షరం ఊరికే కనపడదు. దీపం మసి నూనెలో కలిపి రుద్ది తుడిస్తే, గీతల్లో నలుపు నిలుస్తుంది. చిన్నప్పట్నుంచీ నాన్నకి ఆ పని చేసిపెట్టింది నేనే.

మొదటి ఆకు రుద్దాను. ఏమీ లేదు. రెండోది... మూడోది... ఏమీ లేదు.

నాలుగోది రుద్దుతుంటే గంటం గీస్తున్నట్టు చప్పుడు. కిర్... కిర్...

చెయ్యి ఆపాను. ఆగింది. మళ్లీ రుద్దాను. కిర్... నా వేళ్ల కిందే ఆకు సన్నగా అదురుతోంది.

గుడ్డతో తుడిచాను. నాన్న చేతిరాత.

"గడప దాటించావు కదమ్మా. ఇక ఇది ఎవరి దగ్గరుంటే నేనూ వాళ్ల దగ్గరే ఉంటాను."

నిమ్మగడ్డి వాసన పోయి నాన్న కాల్చే చుట్ట వాసన వస్తోంది. మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నారు... తిరిగి చూడలేదు.

"ఏమైనా వచ్చిందా?" తలుపు దగ్గర సార్ గొంతు. ఆ గదిలో ఆయన గుసగుసగానే మాట్లాడతాడు. దగ్గరికొచ్చి ఆకు చూసి సంబరపడిపోయాడు. "ఏం రాశాడు మీ నాన్న?"

ఆయనకి తెలుగు రాదు. ఉన్నది చెబితే భయపడి కట్ట ఇచ్చేస్తాడేమో. ఇస్తే నేను తీసుకోవాలి... పక్కన పెట్టుకుని పడుకోవాలి. ఇందాక ప్రాణం పెట్టి అడిగింది దానికోసమే. ఇప్పుడు ముట్టుకోవడానికి చేతులు రావడం లేదు.

"దగ్గు మందు సార్," అన్నాను. "మీ దగ్గరే ఉంచుకోండి."

శుక్రవారం ఉత్త చేతులతో విమానమెక్కాను. సార్‌కి అబద్ధం చెప్పానన్న బాధ నాకు లేదు, నిజం చెబుతున్నా. నాన్నని మాత్రం రెండోసారి పరాయివాడికి అప్పగించాను. ఆయన పటం ముందు దీపం పెట్టి, క్షమించమని కూడా అడగలేకపోయాను.

పిండాలు పెట్టిన మధ్యాహ్నం సార్ ఫోటో పంపాడు. పైన పెట్టిన కెమెరా స్టాండుతో తీసింది. కింద మెసేజ్: "ఇంకో వరస కనిపిస్తోంది. ఇదేం మందు?"

పెద్దది చేసి చూశాను.

"అది దగ్గు మందు కాదు కదమ్మా."

ఆకు రెండు చివర్లనీ సార్ రెండు చేతులూ పట్టుకుని ఉన్నాయి. మధ్యలో, ఆకు మీద ఇంకో బొటనవేలు. తాటాకు మీద రాసేవాళ్లు, మా నాన్నలాగే, గంటం ఆనడానికి గోరు పెంచి నొక్కు కోసుకుంటారు. ఆ గోటికి నొక్కు ఉంది.